తీరుబడి ఎవరిది?

కిందటి వేసవి సెలవుల్లో నేను మారిషస్ వెళ్లి వచ్చాను. అక్కడి తెలుగువాళ్ల భాషను గురించి జరిగిన ఒక చిన్న సదస్సుకు పిలుపు వచ్చింది. తిరిగి వచ్చిన తరువాత మా కళాశాల విద్యార్థుల పఠన మండలిలో గంటసేపు ప్రసంగించాను. కోరంగి రేవునుంచి ఓడలెక్కిన కూలీలను గురించి, చెరకు తోటలను గురించి, మూడు నాలుగు తరాల్లో నాలుకమీదినుంచి జారిపోయిన తెలుగును గురించి చెప్పాను. చివర ఒక విద్యార్థిని లేచి, "సార్, అక్కడ సముద్రపొడ్డున కూర్చున్నారా? ఎలా ఉంది?" అని అడిగింది.

కూర్చున్నాను. చాలా బాగుంది. ఈ రెండు మాటలు అనడానికి నాకు నోరు రాలేదు. ఏదో చెప్పి దాటవేశాను.

ఇంటికి వచ్చిన తరువాత ఆ దాటవేత నన్ను పీడించింది. కూలీల కష్టాన్ని గురించి గంటసేపు ధారాళంగా మాట్లాడినవాణ్ణి, నా సుఖాన్ని గురించి ఒక నిమిషం మాట్లాడడానికి ఎందుకు సిగ్గుపడ్డాను? చేసిన పని తప్పయితే తప్పని ఒప్పుకోవాలి. తప్పు కాకపోతే సిగ్గు ఎందుకు? మన అభ్యుదయవాదుల్లో ఈ సిగ్గు నా ఒక్కడిదే కాదని నా అనుమానం. శ్రమను గురించి మనకు సిద్ధాంతం ఉన్నది, దోపిడీని గురించి సిద్ధాంతం ఉన్నది. మనిషి హాయిగా కాళ్లు చాపుకొని కూర్చోవడాన్ని గురించి మాత్రం మన దగ్గర ఉన్నది గొంతు సవరించుకోవడమే. అందువల్ల ఆ విద్యార్థినికి ఇవ్వవలసిన జవాబును ఇక్కడ రాస్తున్నాను.

అది ఉత్తర తీరంలో ఒక హోటలును ఆనుకొని ఉన్న బారు. పేరుతో పని లేదు. చెరకు ఆకుతో నేసిన కప్పు, గోడలు లేవు, నేలంతా ఇసుక. చెప్పులు విప్పి కూర్చోవచ్చు. దూరాన పగడపు దిబ్బ మీద కెరటాలు విరిగి తెల్లటి గీతలా కనిపిస్తాయి. ఇవతలి నీళ్లు మన ఊరి చెరువులా కదలకుండా ఉంటాయి. పాట వినబడీ వినబడనట్టుంటుంది. గడియారం ఎక్కడా లేదు. మొదటి పావుగంట చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జేబులోనుంచి ఫోను తీశాను, మళ్లీ పెట్టేశాను. తరువాత భుజాలు వాటంతట అవే దిగాయి. దిద్దవలసిన పేపర్ల కట్ట, ఇంటి అప్పు వాయిదా, ప్రిన్సిపాలుగారి మెమో, ఒకదాని వెనుక ఒకటి మనసులోనుంచి లేచి వెళ్లిపోయాయి. పదేళ్లుగా నా వొంట్లో ఇంత బిగువు ఉన్నదని, అది సడలిన తరువాతగాని నాకు తెలియలేదు.

గ్లాసు తెచ్చిన మనిషికి యాభై దాటి ఉంటాయి. నా మాట తీరు పట్టి ఎక్కడివాణ్ణని అడిగాడు. చెప్పగానే ముఖం వెలిగింది. వాళ్ల ముత్తాత విశాఖ వైపునుంచి వచ్చాడని తండ్రి చెప్పేవాడట. ఆయన ఇంట్లో మాట్లాడేది క్రియోలు, పనిలో మాట్లాడేది ఫ్రెంచి, ఇంగ్లీషు. తెలుగులో మిగిలినవి పాతిక మాటలు: అమ్మోరు, అప్పన్న, రామభజన, అన్నం, నీళ్లు. కుర్చీ కొంచెం జరిపి నాతో, "కూకో" అన్నాడు. నూట యాభై ఏళ్లు సముద్రం అవతల బతికిన మాట అది. మన కళింగాంధ్ర పల్లెల్లో అరుగుమీద అనే మాట. "మీరూ కూకోండి బాబాయ్" అన్నాను. ఆయన నవ్వి, డ్యూటీలో కూర్చోకూడదని ఇంగ్లీషులో చెప్పాడు.

తరువాత రెండు మూడు సాయంత్రాలు వెళ్లాను. మనుషులు తక్కువగా ఉన్నప్పుడు నిలబడే మాట్లాడేవాడు. నేను ఆ బారులో పొందిన నింపాది ఎలా తయారవుతుందో ఆయన మాటల్లో తెలిసింది. గ్లాసు ఒక్క నిమిషంలో సిద్ధమవుతుంది. కాని దాన్ని వడివడిగా తెస్తే అతిథికి తొందర అంటుకుంటుంది. గనుక మెల్లగా నడిచి రావాలి. ఆ నడక నేర్పుతారు. "వంటింటి తలుపుదాకా పరుగు, తలుపు దాటగానే నడక" అన్నాడు. గడియారం మాకు కనబడకుండా ఉన్నది గాని, లేకుండా లేదు. తలుపు అవతల గోడకు ఉన్నది. వేలిముద్ర వేసి లోపలికి వచ్చే యంత్రం కూడా దాని పక్కనే ఉన్నది. నాకు కాలం ఆగిపోయినట్టు అనిపించడానికి ఆయన కాలాన్ని నిమిషాల లెక్కన కోస్తున్నారు.

ఇక్కడ మనవాళ్లలో ఒక వర్గం వెంటనే తీర్పు చెబుతుంది. ఇదంతా ధనికుల విలాసం, తాగుడు, పనిలేని వర్గాల కాలక్షేపం, తప్పుకొని నడవాలి అంటుంది. ఈ తీర్పులో కోపం ఉన్నది గాని ఆలోచన లేదు. నాకు కలిగిన హాయి ధనికుడి హాయి కాదు. పదేళ్లు పనిచేసి అలిసిన జీతగాడి హాయి. ఆ బారులో నా పక్కన కూర్చున్నవాళ్లలో యూరపునుంచి వచ్చిన నర్సులు ఉన్నారు, బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నాడు. ఏడాది పొడుగునా కూడబెట్టి రెండు వారాలు కొనుక్కున్నవాళ్లు వాళ్లు. జీతం ఇచ్చే సెలవును కార్మికులు పోరాడి గెలిచారు. 1936లో ఫ్రాన్సులో సమ్మెల తరువాతనే రెండు వారాల వేతన సెలవు చట్టం వచ్చింది. ఆ సెలవు పెట్టుకొని సముద్రపొడ్డుకు వచ్చిన మనిషిని మనం ఏ నోటితో తప్పుపడతాం?

రెండో వర్గం తీర్పు ఇంకా సులువు. నువ్వు డబ్బిచ్చావు, వాడు పని చేశాడు, నీవల్ల వాడింట్లో పొయ్యి వెలిగింది, ఇంకా సిగ్గెందుకు అంటుంది. ఈ మాటలో కొంత నిజం ఉన్నది. 2020 మార్చిలో సరిహద్దులు మూసి, 2021 అక్టోబరులోగాని ఆ ద్వీపం పూర్తిగా తెరవలేదు. ఆ ఏడాదిన్నర ఎలా గడిచిందో ఆయన చెబుతుంటే, మీరెవరూ రాకపోతేనే మేలు అని అనగల ధైర్యం ఎవరికీ ఉండదు. కాని ఇదే వాదన చెరకు తోట యజమాని కూడా చేశాడు. కూలి ఇస్తున్నాను గనుక ప్రశ్న లేదన్నాడు. అందువల్ల ఈ వాదన ఎక్కడ తెగుతుందో చూడాలంటే ఆ ద్వీపపు చరిత్రలోకి కొంచెం వెళ్లాలి.

పోర్టు లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్ అనే రాతి కట్టడం ఉన్నది. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. 1834 నవంబరులో అట్లాస్ అనే ఓడ 36 మంది కూలీలను దింపింది. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. బానిసల స్థానంలో మనవాళ్లను దింపే పని ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాలదాకా సాగింది. నాలుగున్నర లక్షలకు పైగా వచ్చారు. బీహారువాళ్లు ఎక్కువ. తమిళులు, మరాఠీలు, మన తెలుగువాళ్లు తరువాత. ఆ మెట్లమీద నిలబడి నేను కదిలిపోయానని చెప్పను. అలాంటి చోట కదిలిపోవడం ఒక మర్యాదగా మారింది. నన్ను పట్టి ఆపింది ఆనాటి చట్టం.

ఒప్పంద కూలీ ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దానికి రెట్టింపు కోత అని పేరు. జబ్బుపడ్డా అంతే అయిన సందర్భాలు ఎన్నో. ఒప్పందం తీరిన తరువాతనైనా స్వేచ్ఛ ఉన్నదా అంటే, 1867లో ఒక కార్మిక చట్టం చేశారు. ఒప్పందం ముగించుకున్న పాత కూలీ తన ఫొటో అంటించిన చీటీ, పోలీసు పాసు దగ్గర ఉంచుకోవాలి. ఆ ఫొటో ఖర్చూ అతనిదే. చీటీ లేకుండా దారిలో కనిపిస్తే తిరుగుబోతు కింద లెక్క. పట్టుకొని జైలుకో, అలాంటివాళ్లకోసమే కట్టిన బందిఖానాకో పంపేవారు. పోలీసులు ఊళ్లమీద పడి మనుషులను వేటాడేవారు. 1871లో ఎడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఒక తోట మేనేజరు ఈ అన్యాయం మీద మహజరు తయారుచేస్తే తొమ్మిది వేలమందికి పైగా పాత కూలీలు సంతకాలు చేశారు. మరుసటి ఏడాది లండను ప్రభుత్వం విచారణ సంఘాన్ని పంపక తప్పలేదు. ఇక్కడ ఒక మాట గమనించాలి. ఆ కూలీలు దొంగతనం చేసినందుకు వేటాడబడలేదు. పని లేకుండా ఉన్నందుకు వేటాడబడ్డారు. చెట్టుకింద కూర్చోవడం ఆ ద్వీపంలో నేరం.

ఇప్పుడు ఆ ద్వీపం ప్రపంచానికి అమ్ముతున్న సరుకు ఏది? చెట్టుకింద కూర్చోవడం.

ఈ మార్పును నేను వ్యంగ్యంకోసం చెప్పడం లేదు. దీని వెనుక లెక్క ఉన్నది. మారిషస్ చక్కెరకు యూరపు మార్కెట్టులో హామీ ధర ఇచ్చిన ఏర్పాటు 1975లో మొదలై 2009లో ముగిసింది. చెరకు గిట్టుబాటు తగ్గుతూ వచ్చిన కొద్దీ, ఆ పెట్టుబడిలో పెద్ద భాగం బట్టల మిల్లుల్లోకి, సముద్రపొడ్డు హోటళ్లలోకి మళ్లింది. నేల పాతదే. దానిమీది యాజమాన్యంలో కూడా చాలా భాగం పాతదే. నేను తాగిన రమ్ము కూడా పాత సరుకే, చక్కెర తీయగా మిగిలిన మడ్డినుంచి వచ్చేది. నా తలమీది కప్పు చెరకు ఆకు. ఆ బారులో చెరకు తోటకు సంబంధించనిది ఏదైనా ఉన్నదా అని వెతికితే సముద్రం ఒక్కటే కనిపించింది. తోటలో తీరికను శిక్షించి లాభం తీసినవాళ్లు, తీరంలో తీరికను అమ్మి లాభం తీస్తున్నారు. ముత్తాత కూర్చుంటే కూలి కోశారు. మునిమనవడు కూర్చోకుండా ఉన్నందుకు కూలి ఇస్తున్నారు. రెండు పద్ధతుల్లోనూ ఆ వంశానికి దక్కనిది ఒకటే.

నైరుతి మూలన లె మోర్న్ అనే కొండ ఉన్నది. పారిపోయిన బానిసలు ఆ కొండమీది గుహల్లో తలదాచుకున్నారు. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి వచ్చిన సిపాయిలను చూసి, తమను పట్టుకోవడానికే వచ్చారనుకొని శిఖరంమీదినుంచి దూకి చనిపోయారని జనశ్రుతి. 2008లో అదీ వారసత్వ స్థలమైంది. ఆ కొండ పాదాన ఇప్పుడు విలాస హోటళ్లు ఉన్నాయి. నిద్రకుర్చీలో వెల్లకిల పడుకుంటే కొండ చక్కగా కనిపిస్తుంది. దాని గురించి ఇంతకంటే రాయడానికి నా దగ్గర మాటలు లేవు.

ఉష్ణమండల ద్వీపంలో మనిషి సహజంగానే నింపాదిగా ఉంటాడనే నమ్మకం కూడా ఒక సరుకే. ఆ నమ్మకం ద్వీపాల్లో పుట్టలేదు. 1930లలో మద్యనిషేధం ఎత్తివేసిన రోజుల్లో హాలీవుడ్‌లో డాన్ బీచ్ అనే అమెరికన్ ఒక బారు తెరిచాడు. వెదురు, తాటాకు, చేపల వలలు, రమ్ము. పసిఫిక్ ద్వీపాల బారంటే ఇలా ఉంటుందని లోకం నమ్మింది అక్కడే. అక్కడ తెర వెనుక గ్లాసులు కలిపినవాళ్లలో పలువురు ఫిలిప్పీన్స్‌నుంచి వలస వచ్చిన పనివాళ్లు. తరువాతి కాలంలో అసలు ద్వీపాలే ఆ నకలును చూసి తమను దిద్దుకున్నాయి. 1977లో జిమ్మీ బఫెట్ అనే గాయకుడు 'మార్గరీటావిల్' అనే పాటలో ఊరికే కూర్చున్న ఒక సముద్రతీరపు మనిషిని సృష్టించాడు. ఆ పేరు రెస్టారెంట్లకెక్కింది, హోటళ్లకెక్కింది, వృద్ధుల ఇళ్ల కాలనీలకు కూడా ఎక్కింది. 2023లో ఆయన చనిపోయేనాటికి అది మహా వ్యాపారం. సోమరితనాన్ని కీర్తించిన ఆ మనిషి జీవితమంతా ఒక్క రోజు సోమరిగా కూర్చున్నట్టు కనబడదు.

తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి గనుక నాకు ఇక్కడ పెద్దన గుర్తుకు రాక తప్పదు. కావ్యం ఊరికే రాయమంటే వస్తుందా అంటూ ఆయన చెప్పినట్టు ప్రచారంలో ఉన్న చాటుపద్యం మీకందరికీ తెలుసు. అలజడి లేని చోటు కావాలి, కప్పురపు విడెం కావాలి, మనసుకు నచ్చిన భోజనం కావాలి, ఊగే మంచం కావాలి, రసజ్ఞులు పక్కన ఉండాలి. ఆ జాబితాను తీసుకొనివెళ్లి ఏ ద్వీపపు హోటలు ప్రకటన పత్రంలో అచ్చువేసినా ఎవరూ పోల్చలేరు. తరగతిలో ఈ పద్యం చెప్పినప్పుడల్లా నేను ఇన్నాళ్లు, ఆ ఊయల మంచం మోసినవాడెవడు అని విద్యార్థులను అడుగుతూ వచ్చాను. అది అడగవలసిన ప్రశ్నే. కాని నేను అడగని రెండో ప్రశ్న ఒకటి ఉన్నదని ఇప్పుడు తోస్తున్నది. పెద్దన కోరినవి తప్పా? అలజడి లేని చోటు కోరడం తప్పా? మంచం మోసినవాడికి కూడా ఊగే మంచం కావాలనిపించదా? మన విమర్శ పెద్దన మంచం విరగ్గొట్టి ఆగిపోయింది. బోయీని దానిమీద కూర్చోబెట్టడందాకా రాలేదు.

అదే కవి మనుచరిత్రలో ప్రవరుడున్నాడు. పాదలేపం రాసుకొని ఒక్క పూటలో హిమాలయం చేరిన తెలుగువాడు. మంచుకు లేపం కరిగి, ఇల్లు చేరే దారి లేక అల్లాడిపోయాడు. నాలాంటి యాత్రికుడికి ఆ కష్టం లేదు. మా పాదలేపం తిరుగు టికెట్టు, అది కరగదు. పదో రోజున వెళ్లిపోతామని తెలుసు గనుకనే మాకు ఆ తీరం స్వర్గం. అక్కడే ఉండిపోవలసినవాడికి అది పనిచోటు.

మన సంప్రదాయంలోనే ఈ ప్రశ్నను ఎదుర్కొన్నవాడొకడున్నాడు. పాల్ లఫార్గ్. మార్క్స్ అల్లుడనే పేరుకింద అణిగిపోయిన మనిషి. 1842లో క్యూబాలోని శాంటియాగోలో పుట్టాడు. అదీ చెరకు ద్వీపమే, బానిసలు పనిచేసిన ద్వీపమే. ఆయన వంశంలో ఆఫ్రికన్, కరీబ్, యూదు మూలాలు కలిశాయి. సోమరిగా ఉండే హక్కును గురించి 1880లో పత్రికలో రాసి, 1883లో జైలులో ఉండగా ఆ రచనను దిద్ది పుస్తకం చేశాడు. కార్మికుడు పనిహక్కు అడగడమే పొరపాటని, రోజుకు మూడు గంటలు చాలునని ఆయన వాదన. ఇది హాస్యమని కొందరు, అతివాదమని కొందరు పక్కన పెట్టారు. నిజానికి మార్క్స్ పెట్టుబడి గ్రంథం మూడో సంపుటంలో చెప్పిన విషయానికి ఇది దూరం కాదు. అవసరంకోసం చేసే పని ముగిసిన చోటనే మనిషి స్వేచ్ఛ మొదలవుతుందని, దానికి పనిరోజు తగ్గడం పునాది అని ఆయన తేల్చాడు.

మనం ఏం చేశాం? శ్రమను పొగిడాం. చెమట మీద గేయాలు రాశాం. నేనూ రాశాను, అవి అచ్చు కాకపోవడం సాహిత్యానికి మేలే. శ్రమను దోచుకోవడాన్ని ఎదిరించాలనుకొని, శ్రమనే దేవతను చేసి కూర్చోబెట్టాం. చెమటకు పూజ జరిగే చోట యజమానికి ఇబ్బంది లేదు. వారానికి డెబ్బై గంటలు పనిచేయాలని, తొంభై గంటలు చేయాలని పెద్ద పరిశ్రమాధిపతులు 2023లోనూ 2025లోనూ ఉపదేశించినప్పుడు, వారు వాడిన మాటలు మన గేయాల్లోని మాటలే. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోజు పని గరిష్ఠ పరిమితిని 9 గంటలనుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. కార్మిక సంఘాలు ఎదిరించాయి. రచయితలం మనం ఎంతమందిమి రాశాం? పదో గంటను కోల్పోవడం అంటే మనిషి ఏం కోల్పోవడమో చెప్పడానికి మన సాహిత్యంలో భాష తయారుగా లేదు. ఆ గంటలో అతడు చేసేది ఏమీ ఉండకపోవచ్చు. అరుగుమీద కూర్చుంటాడు. దాని విలువ చెప్పడం మనం నేర్చుకోలేదు.

తీరిక అనే తెలుగు మాటలోనే పని తీరడం ఉన్నది. (తీరిక, తీరం అనే మాటలకు చుట్టరికం లేదు. ఒకటి తెలుగు, రెండోది సంస్కృతం. విద్యార్థులు ఈ పొరపాటు చేస్తారు గనుక చెబుతున్నాను.) పని తీరినవాడికి వచ్చేది తీరిక. ఒకడి పని తీరకుండా మరొకడికి దొరికేదానికి ఆ పేరు తగదు. దానికి సేవ అనే మరొక పేరు ఉన్నది. నేను బారులో కొన్నది తీరిక అనుకున్నాను. కొన్నది ఆయన సేవను. నా శరీరం సేద తీరింది, అది అబద్ధం కాదు. కాని ఆ సేద ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే, ఆయన నిలబడిన కాళ్లలోనుంచి వచ్చింది.

అయితే అమ్మకం కాని తీరిక ఎలా ఉంటుంది? దాన్నీ అక్కడే చూశాను. ఒక ఆదివారం ఆ బారుకు కొద్ది దూరంలో ఉన్న మోన్ షువాజీ తీరానికి వెళ్లాను. అది ప్రభుత్వం ప్రజలకు వదిలిన తీరం. మన కోస్తాలో మాదిరే సరుగుడు చెట్లు. ఉదయంనుంచే బస్సుల్లో, వ్యానుల్లో కుటుంబాలు దిగాయి. చాపలు పరిచారు. బిర్యానీ డేక్సాలు దించారు. ఒక మూల రవాన్ అనే తోలు వాయిద్యాన్ని మంటకు కాస్తున్నారు. అది సెగా పాటకు వాయించేది, ఒకప్పటి బానిసలది. 2014లో యునెస్కో సెగాను గుర్తించింది. అదే సెగాను హోటలులో రాత్రి భోజనాల వేళ వేషాలతో ఆడించగా చూశాను. ఇక్కడ లావుపాటి అమ్మమ్మ ఒకావిడ, చేతిలో పళ్లెం దించకుండానే ఆడింది. అనాస ముక్కలకు చింతపండు, మిరపకాయ, ఉప్పు పట్టించి అమ్ముతున్నారు. ఎవరూ మెల్లగా నడవడం లేదు. పిల్లలు పరుగులు, పెద్దలు కేకలు. నింపాది అంటే నిశ్శబ్దమనే నా అభిప్రాయం అక్కడ పోయింది.

దీన్ని కూడా స్వర్గం చేసి చూపించను. ఆ బిర్యానీ వండడానికి ఆడవాళ్లు తెల్లవారుజామున లేచి ఉంటారు. మధ్యాహ్నం మగవాళ్లు చాపలమీద ఒరిగినప్పుడు డేక్సాలు కడిగింది వాళ్లే. మా ఇంట్లో కూడా ఆదివారం నాడు నేను పత్రిక చదువుకోవడానికి మరొకరు రెండు పూటల వంట చేస్తారు. బారులోని మనిషిని చూసి కలిగిన సిగ్గు ఇన్నేళ్లుగా వంటింటివైపు చూసినప్పుడు ఎందుకు కలగలేదో నేను చెప్పలేను. కలగవలసింది.

కాని ఒక తేడా ఉన్నది. ఆ ఇసుకమీద ఎవరు కూర్చోవచ్చో నిర్ణయించే గుమస్తా లేడు. అది దానంతటది వచ్చిన స్థితి కాదు. ఫ్రెంచివాళ్ల కాలంనుంచి ద్వీపం చుట్టూ తీరంవెంట ఎనభై మీటర్ల పైచిలుకు వెడల్పున ఒక పట్టీని రాజ్యపు భూమిగా ఉంచారు. పా జియోమెట్రిక్ అని పేరు. కోటలకోసం, ఫిరంగులకోసం ఉంచారు గాని ప్రజలకోసం కాదు. అయినా అమ్మడానికి వీలులేని భూమి కావడంవల్ల అది ప్రజలకు ఒక ఆసరా అయింది. ఇప్పుడు అందులో చాలా భాగం హోటళ్లకు, సముద్రపు బంగళాలకు కౌలుకు పోయింది. దక్షిణాన పొంపొనెత్ అనే ప్రజా తీరంలో కొంత భాగాన్ని హోటలుకు ఇస్తే, "మా తీరాలను దొంగిలించడం ఆపండి" అని క్రియోలులో పేరు పెట్టుకున్న ఉద్యమం ఏళ్లతరబడి పోరాడింది. చివరకు ఆ కౌలు రద్దయింది. 2020 జూలైలో వకాషియో అనే ఓడ ఆగ్నేయ తీరాన దిబ్బకెక్కి, ఆగస్టులో చమురు కారినప్పుడు, వేలమంది సామాన్యులు చెరకు ఆకును గుడ్డ గొట్టాల్లో కూరి తేలుడు కట్టలు కట్టి నీళ్లలోకి దిగారు. ఆ సమయంలో యాత్రికుడు ఒక్కడూ లేడు. తీరం ఎవరిదో ఆ వారం తెలిసింది.

అందువల్ల ఆ విద్యార్థినికి నా జవాబు ఇది. కూర్చోవడం తప్పు కాదు, హాయిగా ఉన్నదని చెప్పడం తప్పు కాదు. నాకు గ్లాసు తెచ్చిన మనిషి తన పని తీరిన తరువాత అదే తీరాన, తనవాళ్లతో, ఎవరి అనుమతీ లేకుండా కూర్చోగలడా అని అడగకపోవడం తప్పు. అలా కూర్చోగలిగితే నేను అతిథిని. కూర్చోలేకపోతే నేను తోట యజమాని వంశంలో ఆఖరివాణ్ణి, డబ్బు నా జేబులోది అయినా సరే.

ఆయన కూర్చోగలడా? ఆదివారం తీరమంతా ఆయనకోసం వెతికాను. కనిపించలేదు. మరునాడు బారులో అడిగితే, ఆదివారం అతిథులు ఎక్కువ గనుక తనకు సెలవు మంగళవారమని చెప్పాడు. మంగళవారం భార్య బట్టల మిల్లులో ఉంటుంది, కూతురు బడిలో ఉంటుంది. తీరం ఉన్నది, చట్ట ప్రకారం అది ఆయనదే, వారానికి ఒక రోజూ ఆయనదే. ఆ రోజున పక్కన కూర్చోవడానికి మనిషి లేడు. గంటలు తగ్గించమని అడిగే మనం ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తీరిక ఒంటరిగా ఇస్తే సగమే ఇచ్చినట్టు.

నా విమానం బుధవారం. మంగళవారం మధ్యాహ్నం, మీకు అభ్యంతరం లేకపోతే మోన్ షువాజీకి వెళదామా బాబాయ్ అని అడిగాను. ఆయన కొంచెం బిడియపడ్డాడు, అతిథులతో బయట తిరగడం హోటలువాళ్లకు నచ్చదేమోనని. చివరకు వచ్చాడు. తీరం దాదాపు ఖాళీ. ఆయన ఇంటినుంచి ధాల్ పూరీలు కాగితంలో చుట్టి తెచ్చాడు. నేను రెండు బీరుసీసాలు కొన్నాను. సరుగుడు చెట్టుకింద నాకు చోటు చూపించి, "కూకో" అన్నాడు. ఈసారి తనూ కూర్చున్నాడు. విశాఖలో ఇప్పుడు ఎలా ఉంటుందని అడిగాడు. నేను చెబుతూనే ఉన్నాను. కాసేపటికి పక్కనుంచి జవాబు రాలేదు. చూస్తే, చెప్పులు తలకింద పెట్టుకొని నిద్రపోయాడు. సీసాలో సగం అలాగే ఉన్నది. ఆయన బస్సు ఐదున్నరకు. ఐదుంపావుదాకా లేపలేదు.